తారు పూసిన మోటారు

పడవ మోటారు మీద నంబరు ఉండాల్సిన చోట ఆకురాయి గీతలున్నాయి. అనిసెతో వాటిని బొటనవేలితో తడిమి చూశాడు. గీతలు ఇంకా గరుగ్గా, కొత్తగా ఉన్నాయి. గీకినవాడికి ఓపిక తక్కువ కాబోలు, చివరి అంకె తోక కొంచెం మిగిలిపోయింది.

బల్దొమెరో పెరట్లో అడ్డంగా వేసిన దుంగకి మోటార్లు వరసగా బిగించి ఉన్నాయి, సంతలో మేకల్ని కట్టేసినట్టు. పట్నంలో చేపల బజారు వెనక సందులో ఉన్న ఈ పెరటికి బోర్డు లేదు. అక్కర్లేదు కూడా. మనబీ తీరంలో పడవ ఉన్న ప్రతివాడికీ దారి తెలుసు. ఉత్తరాన పోయిన మోటార్లు దక్షిణాది వాళ్లకీ, దక్షిణాన పోయినవి ఉత్తరాది వాళ్లకీ ఇక్కడే దొరుకుతాయని కూడా తెలుసు. ఆ సంగతి ఎవరూ పైకి అనరు. కొత్తదానికి పెట్టే డబ్బులో సగానికే బేరం తెగుతున్నప్పుడు నోరు దానంతటదే మూతపడుతుంది.

"ఇది ఎవరిది?" అని అడిగాడు అనిసెతో.

"కొంటే నీది," అన్నాడు బల్దొమెరో. అతను స్టూలు మీద కూచుని కాల్చిన అరటికాయ ముక్కల్ని వేరుసెనగ పొడిలో అద్దుకుని తింటున్నాడు. లేవలేదు. పీపాలో నీళ్లున్నాయనీ, కావాలంటే దించి చూసుకోమనీ, తాడు ఒక్కసారి లాగితే పలుకుతుందనీ కూచున్న చోటినుంచే చెప్పాడు.

అనిసెతో గొళ్లేలు తప్పించి మోటారు మూత పైకెత్తాడు. లోపల బాగానే ఉంది. ప్లగ్గులు విప్పి చూశాడు, పెట్రోలు గొట్టాలు నొక్కి చూశాడు. ఏడాదిగా పరాయి పడవల్లో కూలికి పోతున్న చేతులకి, సొంతం కాబోయే మోటారు తగిలేసరికి ప్రాణం లేచొచ్చినట్టయింది. తీసుకుందామనే అనుకున్నాడు. మూతని వెల్లకిలా తిప్పేసరికి లోపలి కొక్కేనికి ఎర్రగుడ్డ ముడి ఒకటి కనిపించింది.

గుడ్డని కత్తితో కోసేశారు. ముడి మాత్రం రాలేదు. ఉప్పుగాలికీ ఆయిలుకీ బిగుసుకుపోయి కొక్కేన్ని పట్టుకుని ఉంది. మూడు చుట్లు తిప్పి, కొస లోపలికి దోపిన ముడి. ఆ తీరంలో కొత్త మోటారు ఇంటికొస్తే పసిబిడ్డకి చేసినట్టే జ్ఞానస్నానం చేస్తారు. ఇంటి ఆడవాళ్లలో ఒకరు దానికి జ్ఞానతల్లి అవుతారు. మోటారుని మంచినీళ్ల పీపాలో దించి మొదటిసారి తిప్పినప్పుడు ఆమె దాని మీద చెరకు సారా చిలకరించి, తను కట్టుకున్న బట్టలోంచి ఒక పీలిక చించి మూత లోపల కడుతుంది. ఆ ముడి తల్లులు కూతుళ్లకి నేర్పుకుంటారు. మగవాళ్లకి వెయ్యడం రాదు.

ఎవరో ఒకామె ఈ ముడి వేసింది. వేసిన రోజున చుట్టూ జనం ఉండి ఉంటారు, ఆమె నవ్వి ఉంటుంది.

"గుడ్డకి వేరే లెక్క కట్టన్లే," అన్నాడు బల్దొమెరో వేళ్లు నాక్కుంటూ.

అనిసెతో మూత మళ్లీ జాగ్రత్తగా బిగించాడు. నిరుడు అన్న ఎరిబెర్తో మోటారు కూడా ఇలాంటి దుంగకే ఎక్కి ఉంటుంది. దాని మూతలో వదిన దియోసెలీనా కట్టిన పీలికా ఎర్రదే. ఆ రోజు పడవలో అన్నదమ్ములిద్దరూ ఉన్నారు. దొంగలు తుపాకులు పట్టుకుని పడవకి పడవ ఆనించినప్పుడు అనిసెతో అందరిలాగే చేతులు పైకెత్తాడు. ఎరిబెర్తో మాత్రం మోటారుని రెండు చేతులా కావలించుకుని వదల్లేదు.

మళ్లీ వస్తానని చెప్పి అనిసెతో బయటికి నడిచాడు. వెనకనించి బల్దొమెరో ధర కొంచెం తగ్గించాడు. అతను సందు మలుపు తిరిగేలోపు ఇంకొంచెం తగ్గించాడు.

కొత్త మోటారు కోసం అతని భార్య తార్సీలా కుట్టుమిషను అమ్మింది. పందుల్నీ అమ్మింది. వాటికి ఏడవలేదు. పచ్చి అరటిగెలల కింద దాచి ట్రక్కులో తెచ్చిన అట్టపెట్టెని పడగ్గదిలో విప్పి, మోటారు బయటికి తీసినప్పుడు ఏడ్చింది. అది అంత బాగుంది మరి. నీలం రంగు మూతలో ఆమె మొహం కనిపిస్తోంది.

"దీన్నిలా ఒడ్డుకి తీసికెళ్లావంటే, రండి నన్ను చంపండి అని వాళ్లని పిలిచినట్టే," అంది.

అనిసెతోకి తెలియక కాదు. దొంగలు పాతదాన్ని చూస్తే మొహం తిప్పుకుని పోతారు. వాళ్లకి కొత్తది కావాలి. కొత్తది ఏ ఊళ్లో, ఏ పడవకి వచ్చిందో ఒడ్డు మీద ఎవరో ఒకరు వాళ్లకి కబురు పెడతారు. ఎరిబెర్తో మోటారుకి జ్ఞానస్నానం చేసిన రోజు బాజాలు మోగాయి, ఊరంతా తాగింది, వారం తిరక్కుండానే వాళ్లు వచ్చారు. అంటే ఆ రోజు తాగినవాళ్లలోనే ఒకడు చెప్పాడు. ఎవడన్నది ఇప్పటికీ తెలియదు. ఏడాదిగా అనిసెతో ఎవరితో మాట్లాడుతున్నా, వీడేనా అని వాళ్ల మొహం వంకే చూస్తున్నాడు. అలా చూడటం వాళ్లకీ తెలిసిపోయి, అతని పక్కన కూచునేవాళ్లు తగ్గిపోయారు.

అందుకని మొగుడూ పెళ్లాం తలుపు వేసుకుని, మంచం గోడకి నిలబెట్టి, కొత్త మోటారుని ముసలిదాన్ని చెయ్యడానికి కూచున్నారు. స్టిక్కర్ల మీద వేణ్ణీళ్లు పోసి గోళ్లతో ఊడబెరికారు. మూతనంతా గరుకు కాగితంతో రుద్దారు. అనిసెతో పైనుంచి కిందికి రుద్దుతుంటే తార్సీలా ఆపింది. తాళ్లూ వలలూ ఒరుసుకున్న గీతలు అడ్డంగా ఉంటాయి కదా అంది. అతను అడ్డంగా రుద్దాడు. పడవలకి వేయగా మిగిలిన బూడిద రంగుని అట్టలు కట్టేట్టు పూసి, అది ఆరకముందే ఇసుక చల్లి, ఆరాక ఆ ఇసుకని రాలగొట్టారు. మరల మీద ఉప్పునీళ్లు పోసి తుప్పు పట్టడానికి వదిలేశారు. మెరిసే గొళ్లేల మీదా నంబరు రేకు మీదా తారు పూశారు. నంబరు గీకెయ్యడానికి మాత్రం అతనికి చెయ్యి రాలేదు. ఆ నంబరే కదా అది దొంగసొత్తు కాదని చెప్పే సాక్ష్యం.

ఇక మిగిలింది సొట్ట. సొట్ట లేని పాత మోటారు ఆ తీరంలో లేదు. అనిసెతో రాయి తీసుకున్నాడు, ఎత్తాడు, దించాడు. మళ్లీ ఎత్తాడు. ఎదురుగా ఉన్నది ఇనుప సామానేనని అతనికి తెలుసు. అయినా చెయ్యి పడలేదు. చివరికి తార్సీలా అతని చేతిలోంచి రాయి లాక్కుని మూత మీద రెండు దెబ్బలు వేసింది. పెరట్లో కోళ్లు అరిచాయి. ఆమె రాయి పక్కన పెట్టి, ఆ సొట్టని అరచేత్తో నిమురుతూ కూచుంది.

"వదినకి చెప్పాలి," అన్నాడు అతను.

పడవ అన్నదమ్ములిద్దరిదీ. దాని పేరే 'దియోసెలీనా'. పడవకి మళ్లీ మోటారు ఎప్పుడొస్తుంది, నేనెప్పుడు జ్ఞానతల్లినవుతాను అని ఆమె ఈ ఏడాదిలో ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. భర్త పోయాక ఆమె ఎదురుచూస్తున్నది అదొక్కటే అని అనిసెతోకి తెలుసు. అన్నం పెట్టింది ఆమే, పెళ్లి చేసింది ఆమే. ఊళ్లో ఎవరేమనుకున్నా సరే, మంచివాడనిపించుకోవాలని అతనికి ఉన్నది ఆమె ఒక్కదాని దగ్గరే. బల్దొమెరో పెరట్లోంచి ఉత్త చేతులతో వచ్చేసిందీ ఆమె మొహం గుర్తొచ్చే.

తార్సీలా వద్దంది. ఊరికంతా పెట్రోలు అమ్మేది దియోసెలీనాయే. ఒడ్డు మీద మగవాళ్లంతా ఆమె కొట్టు ముందే చేరతారు. "అక్క మీద నాకు నమ్మకం లేక కాదయ్యా. నమ్మకం లేనిది అక్క మొహం మీద. సంతోషమొచ్చినా కోపమొచ్చినా వీధి చివరివాడికి కనిపిస్తుంది. నువ్వు బతికుంటే ఎప్పుడో ఒకప్పుడు చెప్పుకోవచ్చు."

అతను మాటిచ్చాడు.

మర్నాడు పొద్దున్నే మోటారుని కర్రకి కట్టి భుజాల మీద ఒడ్డుకి మోసుకెళ్లారు. రెండో కొస పట్టింది క్రిసాంతో. సగం చెవుడు ఉన్న ముసలివాడు, ఎవరూ వేటకి పిలవకపోతే అనిసెతో పిలిచాడు. ఏడాదిగా ఇసుకలో బోర్లా పడి ఉన్న పడవని వెల్లకిలా తిప్పి, వెదురు దుంగల మీద దొర్లించి, వెనక చెక్కకి మోటారు బిగించారు. బీరు కొట్టు ముందున్నవాళ్లు ఒక్కొక్కళ్లే లేచి వచ్చారు.

వాళ్లు నవ్వుతారని అనిసెతో అనుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఒకడు సొట్ట మీద చెయ్యి వేసి, పైపైది, లోపల బాగుంటే చాలన్నాడు. ఇంకొకడు తారు పూసిన చోటు చూసి కళ్లతోనే సరేనన్నాడు. వాళ్ల సగం పడవల వెనకా అలాంటివే వేలాడుతున్నాయి. దేవుడు నీక్కూడా బుద్ధిచ్చాడు అంటూ ఒక పెద్దాయన భుజం తట్టాడు. ఏడాది తర్వాత మొదటిసారి ఎవరో అతనికి సిగరెట్టు ఇచ్చారు. ఆ సిగరెట్టు వద్దనలేకపోయినందుకు అనిసెతోకి తన మీదే అసహ్యం వేసింది.

అప్పుడు దియోసెలీనా వచ్చింది. మోటారు వచ్చిందని ఎవరో చెప్పి ఉంటారు. నల్లబట్టల్లోనే ఉంది. తల దువ్వుకుంది, చెవులకి లోలకులు పెట్టుకుంది. చేతిలో శుభ్రమైన గుడ్డ చుట్టిన సీసా ఉంది. మగవాళ్లు పక్కకి తప్పుకున్నారు.

ఆమె మోటారు చూసి ఆగిపోయింది. సీసాని వీపు వెనక్కి తీసుకుంది.

"పాతదా?" అంది.

"పాతదే వదినా."

"పట్నంలో కొన్నావా? ఆ సందులోనా?"

అనిసెతో ఇసుక వంక చూశాడు. అందరూ వింటున్నారు. ఆ వింటున్నవాళ్లలో ఆ ఒక్కడూ ఉండే ఉంటాడు. దియోసెలీనా వంగి, తారు మీద వేలు పెట్టి రుద్దింది. వేలు నల్లబడింది. ఆ వేలిని చూసుకుంటూనే అడిగింది.

"మూత తీశావా? లోపల ఎవరి గుడ్డ ఉందో చూశావా?"

"చూడలేదు."

"చూడవు. చూస్తే కొనలేవు." ఆమె గొంతు పెద్దది చెయ్యలేదు. "మీ అన్న దాన్ని పట్టుకుని ఎందుకు పోయాడో ఇప్పుడు నాకు అర్థం కావట్లేదు. పడవ మీద నా పేరు చెరిపెయ్యి అనిసెతో."

ఆమె వెళ్లిపోయింది. అనిసెతో నోట్లో సిగరెట్టు ఆరిపోయింది. క్రిసాంతో ఏమీ వినిపించక, ముసలి మోటారుకి ముసలి కూలీ సరిగ్గా కుదిరాడని తన మీద తనే జోకేసుకుని నవ్వాడు.

కొత్త మోటారుకి మొదటి రోజుల్లో పెట్రోలులో రెట్టింపు ఆయిలు కలపాలి. సగం వేగం దాటించకూడదు. అలా అయితేనే లోపలి భాగాలు ఒకదానికొకటి ఒదుగుతాయి. ఆయిలు ఎక్కువైతే నీలం పొగ కమ్ముతుంది. అనిసెతో పడవ పొగ కక్కుకుంటూ నత్తలా పోతుంటే పక్క పడవలవాళ్లు దాటిపోతూ ఈలలు వేశారు. ఆ పొగా ఆ నడకా తమ నాటకానికి బాగా కుదిరాయని తార్సీలా లోపల్లోపల సంతోషించింది. అతనికి మాత్రం వేటకి పోతున్నట్టే లేదు. ఎరిబెర్తో వాటా చేపలు ఎప్పట్లాగే బుట్టలో వేసి వదిన గుమ్మంలో పెట్టొస్తున్నాడు. మర్నాటికి ఆ బుట్ట అలాగే తన గుమ్మంలో ఉంటోంది, చేపలు వాసన కొడుతూ.

పెట్రోలుకి మాత్రం ఆమె దగ్గరికి పోక తప్పదు. మొదటి డబ్బాలు తార్సీలా తెచ్చింది, ఆయిలు ఇంట్లో కలుపుకున్నారు. ఆ ఆయిలు అయిపోయింది. క్రిసాంతోని పంపితే ఒకటి చెబితే ఇంకొకటి తెస్తాడు. అనిసెతోయే డబ్బా పట్టుకుని వెళ్లాడు.

కొట్టు ముందు నలుగురు గవ్వలాట ఆడుతున్నారు. దియోసెలీనా అతని వంక చూడకుండానే డబ్బా అందుకుంది. గరాటా పెట్టి పెట్రోలు పోసింది. తర్వాత ఆయిలు కొలిచే చిన్న డబ్బాతో ఒకసారి పోసి, మూత పెట్టబోయింది.

"ఇంకో కొలత," అన్నాడు అనిసెతో మెల్లిగా.

ఆమె చెయ్యి ఆగింది. గవ్వలు ఇసుకలో పడిన చప్పుడు వినిపించింది. ఆమె ఇంకో కొలత నింపింది, గరాటాలో సన్నటి ధారగా పోసింది. పెళ్లయినప్పట్నించీ ఆ ఊరి మోటార్లన్నిటికీ ఆయిలు కలిపిన చెయ్యి అది. చుక్క కింద పడలేదు.

"రోజూ ఇంతేనా?" అంది తల ఎత్తకుండా.

"కొన్నాళ్లు."

"తర్వాత?"

"తర్వాత మామూలే."

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తట్టలేదు. అరిగిపోయిన మోటారుకి ఆయిలు ఎక్కువ పట్టించేవాళ్లు ఉన్నారు. కానీ అరిగిపోయింది మళ్లీ మామూలుకి రాదు. అతను ఆమె మొహం వంక చూశాడు. అందులో ఏమీ లేదు. మూత బిగించింది, డబ్బులు తీసుకుంది, చిల్లర బల్ల మీద పెట్టి లోపలికి పోయింది. ఆ మొహంలో ఏమీ లేకపోవడం కూడా ఒక వింతేనని అతనికి అప్పుడు తోచలేదు. తనంటే అంత అసహ్యం పుట్టిందనుకున్నాడు. దారంతా డబ్బా చెయ్యి మార్చుకోకుండా నడిచాడు.

ఆ మధ్యాహ్నం తార్సీలా ఏటికి బట్టలు ఉతకడానికి పోయింది. రాత్రంతా వేటలో ఉన్న అనిసెతో ఉయ్యాల మంచంలో ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. మోటారు పెరట్లో చెక్క మీద బిగించి ఉంది. కుక్క మొరగలేదు.

మర్నాడు చేపలు తూచే వేళ, ఒడ్డంతా నిండుగా ఉన్నప్పుడు, దియోసెలీనా రంగు డబ్బా, కుంచె పట్టుకుని వచ్చింది. నడిచే తీరులోనే గొడవ ఉంది. పిల్లలు ఆట మానేసి వెంటపడ్డారు. ఆమె డబ్బాని అనిసెతో కాళ్ల ముందు పెట్టింది.

"నా పేరు తియ్యమని చెప్పానా లేదా?"

ఇంటికెళ్లి మాట్లాడుకుందాం వదినా అని అతను బతిమాలాడు. ఆమె వినలేదు. మొదటిరోజు గొంతు కూడా ఎత్తని మనిషి ఇప్పుడు బీరు కొట్టు దాకా వినిపించేట్టు తిట్టింది. ఎవడి ఏడుపో మోసుకొచ్చి తన పేరు వెనక తగిలించాడంది. అంత చేసీ తెచ్చింది చూడండి, పొగ గొట్టం అంది. సాన్ పెద్రో పండగ దాకా కూడా ఉండదంది.

"ఆయిలు తాగి చస్తోంది. దొంగసొత్తులో కూడా తుక్కే దొరికింది నీకు. దీన్ని మళ్లీ దొంగలకిచ్చినా తీసుకోరు, మొహాన కొడతారు."

జనం నవ్వారు. బీరు కొట్టు ముందు కుర్చీల్లో ఉన్నవాళ్లు మరీ నవ్వారు. తార్సీలా మొహం కప్పుకుని ఇంటివైపు పరిగెత్తింది.

అనిసెతో కుంచె తీసుకున్నాడు. పడవ పక్కన ఇసుకలో మోకాళ్లూనాడు. ఆ పేరు రాసింది అన్న. చదువు అంతంతే గనక అక్షరాలు మొదట్లో పెద్దవిగా మొదలై, చోటు చాలక చివరికొచ్చేసరికి ఇరుకయ్యాయి. ఆఖరి అక్షరం పడవ మూతి మీదికి ఎక్కింది. ఆ రోజు దియోసెలీనా, నా మొహం పట్టింది గానీ కాళ్లు పట్టలేదని నవ్వింది. అనిసెతో ఆ ఇరుకు అక్షరాల వైపునించి మొదలుపెట్టాడు. ఒక పూతకి పేరు పోలేదు, కింద నీడలా కనిపిస్తూనే ఉంది. రెండో పూత వెయ్యాల్సి వచ్చింది. ఆమె పక్కనే నిలబడి అంతా అయ్యేదాకా చూసింది. చెయ్యి మీద రంగు కారినా, కళ్లలోంచి నీళ్లు కారినా అతను తుడుచుకోలేదు. ఇంతమందిలో ఏడవడం అతనికి అదే మొదటిసారి. అన్న శవం ముందు కూడా ఏడవలేకపోయాడు.

ఆ సాయంత్రం వేటకి పోకూడదనుకున్నాడు. మోటారు కోసం చేసిన అప్పు వాయిదా గుర్తొచ్చి పోయాడు.

తీరం సన్నగీతగా మారాక మోటారు దగ్గింది. ఇంకాస్త దూరం పోయి ఆగిపోయింది. ఆయిలు ఎక్కువైతే ప్లగ్గులకి మసి పట్టడం మామూలే. క్రిసాంతో ముందువైపు వలల మీద కునుకుతున్నాడు. అనిసెతో గొళ్లేల మీద చెయ్యి వేశాడు. వాటి మీద తను పూసిన తారు చెదిరి ఉంది, ఎవరివో వేళ్లు పట్టుకున్నట్టు. మూత ఎత్తగానే పెట్రోలు వాసన కంటే ముందు చెరకు సారా వాసన కొట్టింది.

మూత వెల్లకిలా తిప్పాడు. కొక్కేనికి నల్ల పీలిక ఒకటి కట్టి ఉంది. మూడు చుట్లు, కొస లోపలికి. వెలిసిన నలుపు. ఏడాదిగా రోజూ ఉతికి ఆరేసి మళ్లీ కట్టుకుంటున్న బట్టలోది. జ్ఞానతల్లి కట్టుకున్న బట్టలోంచే చించాలి, ఆమె కట్టుకునేది అదొక్కటే.

అతను ఆ ముడిని వేలితో తాకాడు. ఇంకా గట్టిపడలేదు, మెత్తగానే ఉంది. నిన్న మధ్యాహ్నం తను నిద్రపోతుండగా ఆమె పెరట్లోకి వచ్చింది. ఈ మూత ఎత్తి, లోపల మెరుస్తున్న కొత్త ఇనుము చూసింది. కుక్క ఎందుకు మొరుగుతుంది, పిల్లప్పట్నించీ అన్నం పెట్టిన మనిషిని చూసి. తనని లేపి ఒక్క మాట చెప్పొచ్చు కదా అనుకున్నాడు. చెబితే తను ఇవాళ ఒడ్డు మీద అలా ఏడవగలిగేవాడు కాదని వెంటనే తోచింది. దొంగలకిచ్చినా తీసుకోరు అని ఆమె అరిచింది అతని కోసం కాదు. బీరు కొట్టు ముందు కూచున్నవాళ్ల కోసం. సంతోషమైనా కోపమైనా మొహంలో దాచుకోలేదని తార్సీలా అన్న మనిషి, తన పేరుని తన ఎదురుగా చెరిపించుకుని కూడా మొహం చెదరనివ్వలేదు.

అనిసెతో ప్లగ్గులు తుడిచి బిగించాడు. మూత వేశాడు. కూడా తెచ్చుకున్న తారు కొంచెం తీసి, ఆమె వేళ్లు పడిన చోట మళ్లీ పూశాడు.

పొద్దున్న వేట బాగానే పడింది. ఎరిబెర్తో వాటా బుట్టలో వేసి, పైన మంచి డొరాడో చేప ఒకటి పెట్టి, అతను కొట్టు దగ్గరికి నడిచాడు. గవ్వలాటవాళ్లు అప్పటికే వచ్చారు. లోపల నుంచి ఆమె ఇద్దరు కూతుళ్లూ చేపల వంక చూస్తున్నారు. ఆ ఇంట్లో కొన్నాళ్లుగా ఉడికేది అరటికాయలే అని అందరికీ తెలుసు.

దియోసెలీనా గుమ్మంలోకి వచ్చింది. బుట్ట అందుకుంది. అందుకుని, మెట్ల మీంచి కిందికి విసిరేసింది. చేపలు వీధంతా పడ్డాయి, ఇసుక అంటింది. ఆటవాళ్లలో ఒకడు అబ్బో అన్నాడు. చిన్నపిల్ల ఏడుపు మొదలుపెట్టింది.

అనిసెతో వంగి చేపలు ఏరుకున్నాడు. మెట్టు దగ్గర పడినదాన్ని తీస్తుంటే ఆమె పాదాల దగ్గర నల్లటి అంచు కనిపించింది. ఒకచోట కుట్టు లేకుండా పీలిక ఊడి ఉంది, దారాలు వేలాడుతున్నాయి.

"రేపు కూడా తెస్తా వదినా," అన్నాడు తల ఎత్తకుండా, పెదవులు కదిలీ కదలకుండా.

"తే," అంది ఆమె. "రేపు కూడా విసిరేస్తా."

ఆమె లోపలికి పోయి తలుపు వేసుకుంది. అతను చివరి చేప బుట్టలో వేసుకుని, ఎవరి వంకా చూడకుండా ఇంటివైపు నడిచాడు. వెనక చిన్నపిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంది.